చలానా వాహనానికి, పాయింటు లైసెన్సుకు: రహదారి ఉల్లంఘనలు - చోదకుని అర్హత

ప్రత్యేక వ్యాసం

రహదారి నిబంధనను ఉల్లంఘించిన చోదకుడు జరిమానా చెల్లించడంతో వ్యవహారం ముగిసిపోయినట్లేనన్న అభిప్రాయం ప్రజలలో బలంగా ఉన్నది. చట్టం దృష్టిలో అది సగం మాత్రమే. జరిమానా ఖజానాకు చేరిన తరువాత కూడా ఆ ఉల్లంఘన చోదకుని ఖాతాలో నిలిచి ఉంటుంది. అటువంటివి పేరుకుపోయినప్పుడు, కొన్ని నేరాలలోనైతే మొదటిసారికే, వాహనం నడిపే అర్హత పోతుంది. పెరిగిన జరిమానాల మొత్తాలకు పత్రికలలో లభించిన ప్రచారం ఈ రెండవ సగానికి లభించలేదు. ఈ విషయమై పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయోగపడే వివరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

2017 నాటి పాయింట్ల విధానం

ఉల్లంఘనలను పాయింట్లుగా లెక్కించి లైసెన్సుతో ముడిపెట్టే పద్ధతిని తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి 2017 ఆగస్టు 1 నుండి అమలులోకి తెచ్చింది. హైదరాబాద్ నగరంలోను, పరిసర పోలీసు కమిషనరేట్లలోను ఇది విస్తృత చర్చకు దారితీసింది. ఆ విధానం ప్రకారం ఒక చోదకుని ఖాతాలో 24 నెలల వ్యవధిలో 12 పాయింట్లు చేరితే అతని లైసెన్సు ఒక సంవత్సరం పాటు సస్పెండు అవుతుంది. రెండవ పర్యాయం 12 చేరితే రెండు సంవత్సరాలు, మూడవ పర్యాయమైతే మూడు సంవత్సరాలు. లెర్నర్ లైసెన్సు గలవారికి ఇంత వెసులుబాటు ఇవ్వలేదు. 5 పాయింట్లకే అది రద్దయ్యేది.

ఉల్లంఘన తీవ్రతను బట్టి పాయింట్లు నిర్ణయించారు. హెల్మెట్ లేకుండా ద్విచక్ర వాహనం నడిపినా, సీటు బెల్టు పెట్టుకోకుండా కారు నడిపినా 1 పాయింటు. ఆటో డ్రైవరు తన సీటులో పక్కన ప్రయాణికులను ఇరికించి కూర్చోబెట్టుకుంటే 1 పాయింటు. సిగ్నల్ దాటుకుపోవడం, సెల్ ఫోన్ మాట్లాడుతూ నడపడం, ఎదురు దిశలో రావడం, బీమా లేని వాహనం నడపడం వంటి వాటికి 2 పాయింట్లు. పరిమితికి మించిన వేగం గంటకు 40 కిలోమీటర్లలోపు ఉంటే 2, అంతకు మించితే 3. ప్రాణనష్టానికి కారణమైన నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు 5 పాయింట్లు.

మద్యం సేవించి వాహనం నడిపిన కేసులలో మాత్రం నేరం ఒకటే అయినా పాయింట్లు ఒకటి కాలేదు. ద్విచక్ర వాహనమైతే 3, కారు వంటి నాలుగు చక్రాల వాహనమైతే 4, బస్సు, క్యాబ్, ఆటో వంటి ప్రయాణికుల వాహనమైతే 5. పట్టిక మొత్తంలో ఎక్కువ ఆలోచించి రూపొందించిన అంశం ఇదేనని చెప్పవచ్చు. తన ప్రాణాన్ని మాత్రమే కాక, చార్జీ చెల్లించి ఎక్కినవారి ప్రాణాలను కూడా చేతిలో పెట్టుకున్న డ్రైవరుపై అధిక బాధ్యత మోపడం ఇందులోని ఉద్దేశం.

లెక్క ఎలా సాగేదో ఒక ఊహాత్మక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. ఒక ఆటో డ్రైవరు జనవరిలో మద్యం తనిఖీలో పట్టుబడినాడు, 5 పాయింట్లు. మే నెలలో సెల్ ఫోన్, 2. అక్టోబరులో సిగ్నల్ ఉల్లంఘన, 2. మరుసటి సంవత్సరం మార్చిలో ఎదురు దిశ, 2. ఆగస్టులో డ్రైవరు సీటు పక్కన అదనపు ప్రయాణికుడు, 1. మొత్తం 12. చివరి ఉల్లంఘన చూడబోతే అన్నిటికంటే చిన్నది. అయినా లైసెన్సు పోయింది ఆ ఒక్క పాయింటుతోనే. ఇటువంటి సందర్భాలలో "పక్కన ఒకరిని ఎక్కించుకున్నందుకు ఏడాది సస్పెన్షన్" అని వార్త రావడం సహజమే కాని, సస్పెన్షన్ చివరి ఉల్లంఘనకు విధించిన శిక్ష కాదు. పందొమ్మిది నెలల ప్రవర్తనపై వచ్చిన తీర్పు. అదే డ్రైవరు 24 నెలలు దాటే వరకు జాగ్రత్తపడి ఉన్నట్లయితే మొదటి 5 పాయింట్లు లెక్క నుండి తొలగిపోయి ఉండేవి.

పాయింట్లు తగ్గించుకునే అవకాశం కూడా ఆ విధానంలో ఉండినది. నిర్దేశిత శిక్షణ పూర్తి చేసి ధ్రువపత్రం సమర్పించిన చోదకునికి 3 పాయింట్లు తగ్గించేవారు. రెండు సంవత్సరాలలో రెండు పర్యాయాలకు మించి ఈ వెసులుబాటు వర్తించదు.

ఈ పట్టిక 2017 నాటి ఉత్తర్వులకు సంబంధించినది. ప్రస్తుత కేసులపై రాసేటప్పుడు రవాణా శాఖ తాజా ఉత్తర్వులతో సరిచూసుకొనవలెను. దిగువ వివరించిన కేంద్ర చట్ట నిబంధనలు పాయింట్ల పద్ధతితో నిమిత్తం లేకుండా వర్తిస్తాయి.

నేరం ఎవరిది: బండిదా, మనిషిదా?

పాయింట్ల విధానంలో అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. కూడలిలోని కెమెరా వాహనం నంబరును చూస్తుంది, చోదకుని లైసెన్సును చూడలేదు. నంబరు ఆధారంగా చలానా వాహన యజమాని చిరునామాకు వెళ్తుంది. ఆ సమయంలో బండి నడిపినవారు కుమారుడా, అల్లుడా, దుకాణంలో పనిచేసే కుర్రవాడా అన్నది చిత్రంలో తేలదు. జరిమానా విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఎవరు నడిపినా యజమాని చెల్లించి, తరువాత తమలో తాము సర్దుకుంటారు. లైసెన్సు విషయంలో అలా కుదరదు. నడపని మనిషి అర్హతను తొలగించడం న్యాయం కాదు, నడిపిన మనిషిని వదిలివేయడం భద్రత కాదు.

కనుకనే 2017 విధానంలో అధికారి వాహనాన్ని ఆపి, చోదకుని లైసెన్సు పరిశీలించి నమోదు చేసిన కేసులకే పాయింట్లు విధించారు. కెమెరా చిత్రంతో ఇంటికి వచ్చిన చలానాలకు పాయింట్లు పడలేదు. 2016లో రవాణా శాఖ ప్రవేశపెట్టిన ఆర్టీఏ ఎం-వాలెట్ ద్వారా లైసెన్సు ఫోనులోనే చూపే సదుపాయం అప్పటికే ఉన్నందున, తనిఖీలో వ్యక్తిని గుర్తించడం కష్టం కాలేదు. అయితే దీని ఫలితంగా మరొక అసమానత ఏర్పడింది. రోజంతా రోడ్డుమీద ఉండి పదిచోట్ల ఆపబడే ఆటో, క్యాబ్ డ్రైవర్ల ఖాతాలో పాయింట్లు చేరే అవకాశం ఎక్కువ. అదే తప్పు కెమెరా ముందు చేసిన సొంత కారు యజమాని చలానాతో బయటపడగలడు. విధానాన్ని సమీక్షించే అధికారులు విస్మరించరాని అంశమిది.

మన చట్టంలో దీనికి ఆధారం లేకపోలేదు. మోటారు వాహనాల చట్టం-1988లోని 133వ సెక్షన్ ప్రకారం, ఒక నేరం ఆరోపించబడిన సమయంలో వాహనాన్ని ఎవరు నడిపారో, వారి లైసెన్సు వివరాలేమిటో అధికారి కోరినప్పుడు తెలియజేయవలసిన బాధ్యత యజమానిదే. ఇదే చిక్కును బ్రిటన్ మరింత కఠినంగా పరిష్కరించుకొన్నది. అక్కడ కెమెరాకు చిక్కిన వాహన యజమానికి నోటీసు వెళ్తుంది. 28 రోజులలో చోదకుని పేరు తెలుపకపోతే యజమాని లైసెన్సుపైనే 6 పాయింట్లు పడతాయి. మూడు సంవత్సరాలలో 12 పాయింట్లు చేరితే సాధారణంగా కనీసం ఆరు నెలల నిషేధం ఉండే ఆ దేశంలో, మౌనం వహించినందుకు 6 అంటే సగం దూరం వచ్చినట్లే. కొత్తగా లైసెన్సు పొందినవారికైతే మొదటి రెండు సంవత్సరాలలో 6 పాయింట్లకే లైసెన్సు రద్దవుతుంది.

జర్మనీలో ఈ పాయింట్ల రిజిస్టరు ఫ్లెన్స్‌బుర్గ్ పట్టణంలో ఉన్నది. 2014 మే 1 నుండి అక్కడ 8 పాయింట్లకు లైసెన్సు కోల్పోతారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 24 బ్లాక్ పాయింట్లు చేరితే లైసెన్సు నిలిపివేస్తారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి దుబాయి వెళ్లి డ్రైవర్లుగా పనిచేసి వచ్చినవారికి ఈ బ్లాక్ పాయింట్ల సంగతి సుపరిచితమే.

కేంద్ర చట్టం ఏమి చెబుతోంది

పాయింట్లు లెక్కించినా లెక్కించకపోయినా, ఒక్క నేరానికే లైసెన్సు నిలిపివేయగల అధికారం కేంద్ర చట్టంలో ఉన్నది. 19వ సెక్షన్ ప్రకారం, ప్రజలకు ప్రమాదకరంగా వాహనం నడుపుతున్నట్లు పూర్వ ప్రవర్తన రుజువు చేస్తున్నప్పుడు, లైసెన్సును మోసపూరితంగా పొందినప్పుడు, నేరానికి వాహనాన్ని వినియోగించినప్పుడు, మరికొన్ని ఇతర సందర్భాలలో లైసెన్సింగ్ అధికారి చోదకుని అనర్హునిగా ప్రకటించవచ్చును.

చాలాకాలం ఈ అధికారం పుస్తకానికే పరిమితమైంది. కోయంబత్తూరుకు చెందిన ప్రముఖ ఎముకల వైద్య నిపుణులు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ దాఖలు చేసిన ప్రజాహిత వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ నేతృత్వాన రహదారి భద్రతా కమిటీని నియమించింది. ఆ కమిటీ 2015 ఆగస్టులో రాష్ట్రాలకు స్పష్టమైన ఆదేశాలు పంపింది. అతివేగం, సిగ్నల్ ఉల్లంఘన, సరకు వాహనాలలో అధిక బరువు, సరకు వాహనాలలో మనుషుల రవాణా, మద్యం సేవించి నడపడం, నడుపుతూ సెల్ ఫోన్ వాడటం అనే ఆరు ఉల్లంఘనలకు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండు చేయవలసినదని ఆ ఆదేశాల సారాంశం.

2019లో జరిగిన చట్ట సవరణ దీనిని మరింత పటిష్ఠం చేసింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనలలో 206(4) సెక్షన్ ముఖ్యమైనది. అతివేగం, ప్రమాదకర డ్రైవింగ్, మద్యం సేవించి నడపడం, రోడ్డుపై పందేలు, ద్విచక్ర వాహనంపై ముగ్గురు ప్రయాణించడం, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం వంటి నేరాలలో పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకొని లైసెన్సింగ్ అధికారికి పంపవలసి ఉంటుంది. విచారణ జరిపిన పిమ్మట ఆ అధికారి మొదటి నేరానికి మూడు నెలల అనర్హత, తిరిగి అదే జరిగితే లైసెన్సు రద్దు ఉత్తర్వు ఇవ్వవచ్చును. అనర్హత గడువు ముగిసినా పునశ్చరణ శిక్షణ పూర్తి చేయనిదే లైసెన్సు తిరిగి చేతికి రాదు.

హెల్మెట్ విషయంలో ఈ రెండు పద్ధతుల నడుమ తేడా ఆశ్చర్యం కలిగిస్తుంది. 2017 పాయింట్ల ప్రకారం కేవలం హెల్మెట్ కారణంగా లైసెన్సు పోవాలంటే రెండు సంవత్సరాలలో పన్నెండు సార్లు పట్టుబడాలి. 2019 సవరణలోని 194-డి సెక్షన్ ప్రకారం ఒక్కసారి పట్టుబడినా వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలల అనర్హత ఉన్నది. వెయ్యి రూపాయల సంగతి అందరికీ తెలుసు. అదే వాక్యంలో ఉన్న మూడు నెలల సంగతి బహుకొద్ది మందికి తెలుసు. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రహదారి ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 50,029 మంది హెల్మెట్ ధరించని ద్విచక్ర వాహనదారులు, వెనుక కూర్చున్నవారు. ఈ నిబంధనను చిన్నదిగా చూడరాదనడానికి ఆ సంఖ్య చాలును.

చలానా చెల్లిస్తే కేసు మాసిపోతుందా అన్న ప్రశ్నకు 200వ సెక్షన్‌లోనే సమాధానం ఉన్నది. రాజీ రుసుము చెల్లించినప్పటికీ ఆ ఉల్లంఘన గత నేరంగానే పరిగణించబడుతుంది. 206(4) కింది చర్యల నుండి గాని, శిక్షణ బాధ్యత నుండి గాని చోదకునికి విముక్తి లభించదు. మద్యం కేసులకైతే రాజీ రుసుము సదుపాయమే లేదు. కోర్టుకు వెళ్లక తప్పదు. నేరం రుజువైతే 20వ సెక్షన్ ప్రకారం న్యాయస్థానం కనీసం ఆరు నెలల అనర్హత విధించవలసి ఉంటుంది.

స్వాధీనం వేరు, అనర్హత వేరు, రద్దు వేరు

వార్తలలో ఈ మూడు పదాలు తరచుగా ఒకదానికొకటి బదులుగా వాడబడుతున్నవి. స్వాధీనం అంటే పోలీసు అధికారి లైసెన్సు కార్డును తీసుకొని తాత్కాలిక రసీదు ఇవ్వడం. అనర్హత, అంటే వాడుకలో సస్పెన్షన్, నిర్ణీత కాలానికి నడిపే హక్కును నిలిపివేయడం. రద్దు అంటే ఆ లైసెన్సే లేకుండా పోవడం. మొదటిది పోలీసు అధికారి చేయగలడు. మిగిలిన రెండూ లైసెన్సింగ్ అధికారి లేక న్యాయస్థానం పరిధిలోనివి. పోలీసు అధికారి లైసెన్సును స్వాధీనం చేసుకొని పంపవచ్చునే గాని, తానే అనర్హత విధించజాలడని కలకత్తా హైకోర్టు 2022లో స్పష్టం చేసింది. "ట్రాఫిక్ పోలీసులు లైసెన్సు రద్దు చేశారు" అన్న వాక్యం ఈ దృష్ట్యా సరికాదు.

రసీదు విషయంలో ఒక మెలిక ఉన్నది. సాధారణ స్వాధీనంలో ఇచ్చే రసీదుతో చోదకుడు వాహనం నడుపుకోవచ్చును. 206(4) కింద స్వాధీనమైతే ఆ రసీదు నడపడానికి అనుమతి కాదు. జేబులో కాగితం ఉన్నదన్న ధీమాతో బండి తీసి మళ్లీ పట్టుబడిన చోదకుడు రెండవ కేసును కొని తెచ్చుకున్నట్లే.

చోదకుని హక్కుల విషయానికి వస్తే, అతని వాదన వినకుండా అనర్హత ఉత్తర్వు ఇవ్వరాదని 19వ సెక్షన్ స్పష్టంగా పేర్కొంటున్నది. ఉత్తర్వులో కారణాలు లిఖితపూర్వకంగా నమోదు చేయవలెను. ఉత్తర్వు అందిన 30 రోజులలోగా నిర్దేశిత అధికారికి అప్పీలు చేసుకోవచ్చును. వందల సంఖ్యలో కేసులు వచ్చినప్పుడు నోటీసు, విచారణ రెండూ ఒకే అచ్చు నమూనాలో ముగించే ప్రమాదం ఉన్నది. కారణాలు లేని ఉత్తర్వు అప్పీలులో నిలవదు. అది కొట్టివేయబడితే నిజంగా ప్రమాదకరంగా నడిపినవాడు కూడా తిరిగి రోడ్డెక్కుతాడు. కాబట్టి విచారణను సక్రమంగా జరపడం చోదకునికి చూపే దయ ఎంతమాత్రం కాదు, కేసు నిలబడటానికి అది అవసరం.

అనర్హత కాలంలో నడిపితే

అనర్హత ఉండగా వాహనం నడిపితే 182వ సెక్షన్ ప్రకారం మూడు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. అటువంటి వ్యక్తికి తెలిసి వాహనం అప్పగించిన యజమాని కూడా 180వ సెక్షన్ కింద బాధ్యుడవుతాడు. అంతకంటే భారమైనది బీమా వ్యవహారం. అనర్హత కాలంలో ఉన్న వ్యక్తి నడుపుతుండగా ప్రమాదం జరిగితే, పాలసీ షరతు ఉల్లంఘన జరిగిందని వాదించే హక్కును బీమా సంస్థకు 150వ సెక్షన్ ఇస్తున్నది. బాధితునికి ముందుగా సంస్థ చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకోవలసినదని న్యాయస్థానాలు ఆదేశించిన సందర్భాలు అనేకం. అప్పు చేసి ఒకే ఒక ఆటో కొని, దానిని అద్దెకు ఇచ్చిన కుటుంబానికి ఈ రికవరీ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. వాహనం అప్పగించే ముందు డ్రైవరు లైసెన్సు కార్డును చూడటంతో సరిపెట్టుకోక, అది చెల్లుబాటులో ఉన్నదో లేదో రవాణా శాఖ రికార్డులో సరిచూసుకోవడం యజమానులకు శ్రేయస్కరం. అనర్హత ముద్ర కార్డుపై కనిపించదు.

పద్దెనిమిది సంవత్సరాలు నిండని బాలలు నేరం చేసిన సందర్భాలలో 199-ఎ సెక్షన్ వర్తిస్తుంది. తండ్రి లేక సంరక్షకుడు, లేదా వాహన యజమాని మూడు సంవత్సరాల వరకు జైలుకు, ఇరవై ఐదు వేల రూపాయల జరిమానాకు గురి కావచ్చును. వాహనం రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ బాలునికి ఇరవై ఐదు సంవత్సరాలు నిండేవరకు లైసెన్సు ఇవ్వరు. ఇంటర్మీడియెట్ చదివే పిల్లవాడికి బండి తాళం చెవి ఇచ్చే తల్లిదండ్రులు జరిమానా కంటే ఈ చివరి నిబంధనను గుర్తుంచుకోవలసి ఉన్నది. డ్రైవింగ్ అవసరమైన ఏ ఉద్యోగానికైనా ఆ యువకుడు అన్ని సంవత్సరాలు దూరమవుతాడు.

అనర్హత ఉత్తర్వు అన్ని తరగతుల వాహనాలకు ఉండవచ్చు, ఒక తరగతికే పరిమితం కావచ్చు. రవాణా వాహనాలకు మాత్రమే విధించినట్లయితే ఆ డ్రైవరు తన సొంత ద్విచక్ర వాహనం నడుపుకొనే వీలు ఉంటుంది. కనుక ఇటువంటి ఉత్తర్వులపై వార్తలు ఇచ్చేటప్పుడు ఏ సెక్షన్ కింద, ఏ అధికారి, ఏ తేదీ నుండి, ఎంతకాలానికి, ఏ తరగతి వాహనానికి విధించారన్న ఐదు వివరాలను ఉత్తర్వు ప్రతి నుండి చూసి పేర్కొనవలెను.